రాతిపువ్వు సీసా

ఇన్నేళ్లయినా మసాలా వేయించేటప్పుడు నా చేయి ఆగుతుంది. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఈ బరువు నాతోనే కాటికి వస్తుంది.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు. మా అన్న పాలమూరు బడిలో సైన్సు సారు. ఇల్లు చూసుకునేది నేను. సెలవైతే చాలు, అన్న బోడగుట్టల మీద తిరిగేవాడు. అక్కడ బండలకు పట్టిన రాతిపువ్వు తిని పెరిగే రెక్కలపురుగు ఒకటి ఉందట. గోరంత, నారింజ రంగు. రెక్కలు రాకముందు అదెలా ఉంటుందో ఎవరూ చూడలేదని, తానే చూడాలని ఒకటే పిచ్చి. ఏళ్లు వెతికి, చివరికి నాలుగైదు పిల్లపురుగుల్ని రాతిపువ్వుతో సహా గాజుసీసాలో తెచ్చాడు. దాని జోలికి పోవద్దని నాకు మరీమరీ చెప్పాడు.

ఆ ఆదివారం హుజూర్‌నగర్ నుంచి మేనమామ వచ్చాడు. మాంసం పొయ్యి మీద ఉడుకుతోంది. మసాలాలోకి రాతిపువ్వు నిండుకుంది. సీసాలో ఉంది కదా, కాస్త తీస్తే ఏమవుతుంది? పురుగులేవీ కనబడలేదు. మూత తీసి, పైనున్న గుప్పెడు పెనం మీద వేశాను. రాతిపువ్వు మెలికలు తిరిగింది. అయ్యో దేవుడా! పిల్లపురుగులన్నీ అందులోనే, అచ్చం దాని రంగులోనే ఉన్నాయి, పాపం. అంతా పొయ్యిలోకి దులిపేశాను.

సాయంత్రం అన్న సీసా పట్టుకుని వచ్చాడు.

"పురుగులేవే చెల్లె?"

"నాకేం ఎరుక? మూత జర తెరిచే ఉండె. చీమలు ఎత్కపోయినయేమో."

"నేనే సరిగ పెట్టలేదంటవా?"

"గంతే అయి ఉంటది."

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మరుసటి వానాకాలం మళ్లీ వెళితే, అవి దొరికిన గుట్టను రోడ్డు కంకర కోసం పగలగొట్టేశారు. మిగతా గుట్టల మీద ఎంత వెతికినా ఆ పిల్లపురుగులు దొరకలేదు. అప్పటి నుంచి అన్న తన చేతుల్ని తానే నమ్మలేదు. కుండ మూత, సిరాబుడ్డి మూత, అన్నీ మళ్లీ మళ్లీ చూసుకునేవాడు. చూస్తూ నేను ఊరుకున్నాను. ఎందుకు? మొదట కోపానికి భయపడ్డానా? ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తెలియకనా?

కొన్నేళ్లకు దవాఖానలో, జ్వరం మంపులో, "చెల్లె, మూత పెట్టిన్నా?" అన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. తెల్లారేసరికి అన్న లేడు.

అప్పుడు చెప్పలేని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఎవరికి వినబడుతుందో తెలియదు.

నువ్వు మూత గట్టిగనే పెట్టినవ్ అన్నా. తీసింది నేను.