మామయ్య అండ

ఉడికిన గుడ్డు పెంకు ఊడదీయడంలో ఢిల్లీ మొత్తానికి నన్ను మించినవాడు లేడు. కంటోన్మెంట్ నుంచి మిలిటరీ వంటవాళ్ళు జీపులేసుకుని మా జనక్‌పురి ఇంటికొచ్చి నేర్చుకుని వెళ్ళేవారు. సరే, వంటవాళ్ళు కాదు, ఒక్కడే. వంటవాడు కూడా కాదు, పై అంతస్తులో ఉండే రిటైరైన సుబేదారు. జీపూ లేదు, మెట్లు దిగి వచ్చాడు. అదీ మా కుక్కరు తిరిగివ్వడానికి. కానీ నా చేతిలో ఉన్న గుడ్డు వంక ఆయన చూసిన చూపు మాత్రం నిజం.

మెట్రో రైలు మా గుమ్మం దాకా వచ్చిన కొత్త రోజులవి. గుమ్మం అంటే రిక్షాలో పావుగంట దూరం అనుకోండి. గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, తన ఆఫీసులోనే పనిచేసే పంజాబీ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల బంగారం. మాతో తెలుగులోనే మాట్లాడాలని పంతం. మా వాడేమో మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం, వాడి వల్ల ఏం వస్తుంది? అందుకని ఫుట్‌పాత్ మీద ఒక చిన్న పుస్తకం కొనుక్కుని వాక్యాలు బట్టీ పట్టేది. పొద్దున్నే లేచి, "అత్తయ్యగారూ, తమరు క్షేమమేనా?" అని అడిగేది. మా ఆవిడ కంగారుగా తన నుదురు తడిమి చూసుకునేది.

అంతా బాగానే ఉంది కానీ, పొయ్యి మాత్రం మా ఆవిడదే. కోడలికి రొట్టెలు వదిలిపెట్టింది. "నీలా రొట్టెలు ఎవరు చేస్తారమ్మా" అని మెచ్చుకుంటూనే కూర గరిటె చేతికిచ్చేది కాదు.

అలా ఉండగా, భీమవరం నుంచి మా ఆవిడ అక్కగారు, నాకు వదిన, కొత్త కోడల్ని చూడ్డానికి బయల్దేరారు. ఆవిడ పెళ్ళికి రాలేదు. "ఆ పిల్లకి మన వంటలేం వస్తాయే" అని ఫోన్లో అన్న మాట పక్కనే ఉన్న కోడలి చెవిన పడింది. ఆ వాక్యం పుస్తకంలో లేకపోయినా అర్థమైపోయింది.

"అత్తయ్యా, పెద్దత్తయ్యకి గుడ్ల పులుసు నేను చేస్తాను," అంది.

మా ఆవిడ ఒక షరతు పెట్టింది. "సరే చెయ్యి. కుదిరితే ఇక ఆదివారాలు పొయ్యి నీదే. కానీ మా అక్కకి గుడ్డు నున్నగా ఉండాలి. గుంటలు పడితే ముట్టుకోదు. అప్పుడు మళ్ళీ రొట్టెలే." నవ్వుతూనే అంది. కానీ ఆవిడ నవ్వుతూ అన్న మాటలు వెనక్కి తీసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

వదిన వచ్చిన మర్నాడు, ఆదివారం పొద్దున్న, మా ఆవిడా వదినా గుడికి వెళ్ళారు. నేను మంకీ క్యాపు పెట్టుకుని బాల్కనీ ఎండలో కూర్చున్నాను. ఒళ్ళో పేపరు, పళ్ళెంలో ఉడికించి ఒలిచిన గుడ్డు, పక్కన చిటికెడు ఉప్పూ మిరియాల పొడీ. ఇంతలో కోడలు వచ్చింది. వేళ్ళ నిండా పెంకు ముక్కలు, కళ్ళ నిండా నీళ్ళు.

"మామయ్యా, నాకు మీ అండ కావాలి."

నా పళ్ళెం వంక చూసుకున్నాను. ఉన్నది ఒక్కటే. ముప్ఫై ఏళ్ళు ఢిల్లీలో నానిన చెవులు నావి. అండా అంటే హిందీలో గుడ్డు, ఇంకో అర్థం తోచదు.

"లోపల డజను పెట్టుకుని నా ఒక్కదాని మీద కన్నేమిటమ్మా?" అంటూ పళ్ళెం మీద పేపరు కప్పాను.

ఆమె ముక్కు ఎగబీల్చి, పాఠం అప్పజెప్పినట్టు మళ్ళీ చెప్పింది. "మీ... అండ... కావాలి."

ఉసూరుమంటూ గుడ్డు తీసి ఆమె అరచేతిలో పెట్టాను. "తీసుకో. ఉప్పు కూడా కావాలా?"

"గుడ్డు కాదు పాపాజీ! సపోర్ట్! సపోర్ట్!"

కంగారు పుడితే మామయ్య పాపాజీ అయిపోతాడు. అప్పటికి వెలిగింది నాకు. అండ! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాడిన మాట. దాన్ని ఎప్పుడు ఉడకబెట్టుకుని తినేశానో నాకే తెలీదు.

ఈలోపు ఆమె ఏడుపు ఆపి అరచేతిలోని గుడ్డును తిప్పి తిప్పి చూస్తోంది. "ఇది ఇంత నున్నగా ఎలా వచ్చింది? నాకు సగం గుడ్డు పెంకుతోనే ఊడిపోతోంది."

"ఏళ్ళ తరబడి పరిశోధనమ్మా," అన్నాను గంభీరంగా.

పరిశోధనా లేదు, పాడూ లేదు. డాక్టరు గుడ్లు తగ్గించమన్నాడని మా ఆవిడ నాకు వారానికి రెండే ఇచ్చేది. అందుకని నేను ఒక ట్రే కొని, చలికాలం ఖాళీగా పడి ఉండే బాల్కనీ కూలర్లో దాచుకున్నాను. దొంగతనంగా తినాలి కాబట్టి అవి వారం, పది రోజులు అందులోనే ఉండేవి. టీకి మరిగే నీళ్ళలోనే గుడ్డు వేసేవాణ్ణి, విడిగా గిన్నె పెడితే దొరికిపోతానని. దించాక చేతులు కాలకుండా కొళాయి కింద పెట్టేవాణ్ణి. జనవరిలో మా కొళాయి నీళ్ళు ఐసుతో సమానం. నా విద్యంతా అంతే.

కోడలేమో చుట్టం కోసమని ఆ పొద్దున్నే దిగిన గుడ్లు వెతికి మరీ తెచ్చింది. "మరీ తాజా గుడ్డు పెంకుని వదలదమ్మా," అని చెప్పి కూలర్ తలుపు తీశాను. లోపల ట్రే చూసి ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అత్తయ్యకి చెప్పకు."

"ఠీక్ హై మామయ్యా."

ఆ ట్రేలోంచి డజను తీసి, నీళ్ళు తెర్లుతుండగా గరిటెతో ఒక్కొక్కటీ దింపాం. పన్నెండు నిమిషాల తర్వాత చన్నీళ్ళలో వేసి, బాగా చల్లారనిచ్చాం. లావు కొస దగ్గర గాలి ఖాళీ ఉంటుంది. అక్కడ కొట్టి, అరచేతి కింద దొర్లించి, నీళ్ళలోనే ఒలిచాం. పెంకు స్వెట్టరు విప్పినట్టు వచ్చేసింది. డజనుకి డజనూ నున్నగా వచ్చాయి. అంటే, ఒకటి చిరిగింది. సాక్ష్యం ఉండకూడదని నేను తినేశాను.

మధ్యాహ్నం వదిన పళ్ళెంలో గుడ్డు పడింది. ఆవిడ దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించి చూశారు. కోడలు చున్నీ కొస మెలిపెడుతూ నిలబడింది. ఆవిడ ముక్క తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"గుడ్డు వెన్నముద్దలా ఉందే! పులుపూ అమిరింది. ఎలా ఒలిచావమ్మా ఇంత నున్నగా?"

పిల్ల పొంగిపోయింది. "అంతా మామయ్య అండ!"

మా ఆవిడ చటుక్కున నా వైపు తిరిగింది. "ఈయన అండాలా? ఈయనకి అండాలెక్కడివి?"

నా కళ్ళు కూలర్ వైపు పోకుండా పట్టుకోవడం నా తరం కాలేదు.

"గుడ్లు కాదే పిచ్చిమొహమా, అండ! మరిదిగారు తోడున్నారంటోంది పిల్ల," అన్నారు వదిన. "ఢిల్లీ వచ్చి తెలుగు మర్చిపోయింది నువ్వు. నేర్చుకుంది తను. ఇంకో గుడ్డు వెయ్యమ్మా."

మా ఆవిడ నన్నొకసారి, కూలర్నొకసారి చూసింది. తర్వాత పులుసు గరిటె కోడలి చేతికిచ్చింది. "వడ్డించు. వచ్చే ఆదివారం చేపలు చేద్దువుగాని," అంది, నవ్వుతూనే.

మర్నాడు పొద్దున్న కూలర్ ఖాళీ. ట్రే వంటింట్లో, అందరికీ కనబడేచోట ఉంది. బాల్కనీలో మొహం వేలాడేసుకుని కూర్చుంటే కోడలు పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"మామయ్యా, మీ అండా," అంది, దీర్ఘం జాగ్రత్తగా తీసి.