కిందికి లాగిన కమ్మీ

విదేశంలో మేముండే ఏజాక్స్ ఊళ్లో, మా వీధి చివరింటి గరాజ్‌లోంచి ఆ ఊపిరి వినపడేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. నీళ్ల కింద మనిషి తీసుకునే ఊపిరి. ఒక పొడుగాటి పీల్పు, వెంటనే బుడబుడమని బుడగలు. శనివారం మిట్టమధ్యాహ్నం, చేతిలో పాల సంచులు, నెత్తిన ఎండ. అయినా ఒళ్లు జలదరించింది.

ఆ ఇంటాయన రిటైరైన పెద్దమనిషి. పదేళ్లుగా మా మధ్య నడిచిన మాటలన్నీ మంచు గురించే. తొంగి చూస్తే పాత టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. తెరమీద బ్లాక్ అండ్ వైట్ సముద్రం, అందులో ఈదుతున్న హీరో. గోడ నిండా సిలిండర్ గాలి పీల్చుకునే రెండు గొట్టాల రెగ్యులేటర్లు, గుండ్రటి మాస్కులు, తుప్పు పట్టిన సిలిండర్లు. కారు పాపం బయట ఎండలో ఉంది. ఈ సీరియల్ నాకు తెలుసన్నాను. ఆయన నమ్మలేదు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది కదా, వచ్చే సీన్‌లో ఏం జరుగుతుందో చెప్పి మరీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా నాన్న విశాఖపట్నం పోర్టులో డైవర్. ఓడల అడుగు భాగం చూసి రావడం ఆయన పని. ఆయనకు జంటగా దిగే స్నేహితుణ్ణి నేను బాబాయి అనేదాన్ని. ఏదో ఓడవాళ్లు ఇచ్చిన ఆ సీరియల్ క్యాసెట్లు బాబాయి దగ్గరుండేవి. ఆదివారం వస్తే రెండు కుటుంబాలూ వాళ్లింట్లో టీవీ ముందే. ఇంగ్లీషు ఎవరికీ రాదు కాబట్టి కథంతా బాబాయి సొంతంగా అల్లి చెప్పేవాడు. హీరో సొరచేపను చూసి బెదిరితే పెళ్లాం గుర్తొచ్చిందనేవాడు, వంటింట్లోంచి పిన్ని గరిటె చూపించేది. నాకు మాత్రం ఆ హీరో అంటే పిచ్చి.

హీరో చేసే పనుల్లో ఒకటి నాకు మరీ ఇష్టం. అప్పటి సిలిండర్లకు, బాబాయివాళ్లు వాడే వాటికి కూడా, గాలి ఎంత మిగిలిందో చూపే మీటర్లు ఉండేవి కావు. పక్కన ఒక సన్నటి కమ్మీ వేలాడేది. అది పైకి ఉన్నంతసేపూ కాస్త గాలి విడిగా దాచి ఉంటుంది. ఊపిరి బిగుసుకోగానే చెయ్యి వెనక్కి పెట్టి కమ్మీని కిందికి లాగితే ఆ దాచిన గాలి వస్తుంది, దాంతో పైకి వచ్చెయ్యాలి. హీరో ప్రతి వారమూ చివరి నిమిషంలో కమ్మీ లాగి బతికేవాడు.

సోమవారం పొద్దున్నే పని ఉంటే నింపిన సిలిండర్లు బాబాయి ముందే ఇంటికి తెచ్చుకునేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఆదివారం, వాళ్ల వరండాలో నేను హీరోనయ్యాను. ఊపిరి బిగబట్టి, కళ్లు తేలేసి, బాబాయి సిలిండర్ కమ్మీని కిందికి లాగాను. బతికాను. ఇంతలో పిన్ని అన్నానికి పిలిచింది, పరిగెత్తాను. కమ్మీ మళ్లీ పైకి పెట్టలేదు.

మర్నాడు బాబాయి నీళ్లలోంచి ప్రాణంతో రాలేదు.

కమ్మీ ముందే కిందికి ఉంటే దాచిన గాలంటూ ఏమీ ఉండదు. ఊపిరి బిగుసుకునేసరికి ఇక మిగిలింది ఏమీ లేదన్నమాట. కానీ పోర్టులో అంతా ఇంకోలా అనుకున్నారు. కమ్మీ కిందికే ఉంది కాబట్టి దాచిన గాలి కూడా వాడేసి, పని ముగించాలన్న మొండితనంతో కిందే ఉండిపోయాడన్నారు. పిన్నికి కూడా అదే చెప్పారు. పెళ్లాం బిడ్డల్ని తలుచుకోని మనిషి అని ఆవిడ ఆయన్ని తిట్టుకుంటూ ఏడవడం నేను విన్నాను. నాన్న మళ్లీ నీళ్లలోకి దిగలేదు, గోదాములో లెక్కలు రాసే పనికి మారిపోయారు. నేను నోరు విప్పలేదు. మొదట భయంతో, తర్వాత సిగ్గుతో, ఆ తర్వాత అలవాటైపోయి.

నాన్న మూడేళ్ల కిందట విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. సంతోషిస్తారని ఆ సీరియల్‌ని వెతికి టీవీలో పెట్టాను. నేనెంత తెలివితక్కువదాన్నో, లేదా ఎంత మొండిదాన్నో, ఇప్పటికీ తేల్చుకోలేను. పది నిమిషాలు చూశారు. హీరో దూకబోయే ముందు జంట డైవర్ అతని వెనక నిలబడి సిలిండర్ తడిమే చోట నాన్న కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆపీ తల్లీ. సూడ్లేను" అన్నారు.

ఆపేశాను. బాబాయి గుర్తొచ్చాడు కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆపమన్నందుకు నా ప్రాణం కుదుటపడింది. మరుసటి ఏడు నాన్న పోయారు.

గరాజ్‌లో ఇప్పుడు అదే సీన్ వచ్చింది. ఆ తడమడం ఏమిటని ముసలాయన్ని అడిగాను. ఆయన ఒక సిలిండర్ వీపుకు తగిలించుకుని, కమ్మీ అందుకోబోతూ చూపించాడు. చేత్తో లాగొచ్చు గానీ అది పైకి ఉందో కిందికి ఉందో ఎవరి వీపు వాళ్లు చూసుకోలేరు. అందుకని దూకేముందు జంట డైవర్ వెనక నిలబడి కమ్మీ తడిమి, పైకే ఉందని గట్టిగా చెప్పాలట. ఆయన డైవింగ్ చేసిన రోజుల్లో వాళ్ల బృందంలో ఆ మాట వినకుండా ఎవరూ దూకేవారు కాదట.

బాబాయి వెనక ఆ రోజు నిలబడింది నాన్నే.

నా నోట్లోంచి ఇంగ్లీషులో మాటలు వచ్చేశాయి. బాబాయి ఎలా పోయాడో, ఆ కమ్మీ లాగింది నేనేనని, నలభై ఏళ్ల తర్వాత, ఇంటి నంబరు తప్ప పేరు కూడా సరిగ్గా తెలియని మనిషికి చెప్పాను. ఆయన టీవీ ఆపాడు. తర్వాత నా వైపు జాలిగా చూశాడు.

"నువ్వు చిన్నపిల్లవి. నీ తప్పు కాదు" అన్నాడు. "చూడాల్సింది అతని జంట మనిషి."

ఆ జంట మనిషి మా నాన్నేనని తెలియక, ఓదార్చాలనే అన్నాడు. నేను పాల సంచులు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి, బాత్రూమ్ తలుపేసుకుని ఏడ్చాను. ఇన్నేళ్లూ తప్పంతా నాదేనని దాచుకున్నాను. అదంతా తనదేనని నాన్న పక్కగదిలో మోశారు. తాను తడిమి ఉంటే స్నేహితుడు బతికేవాడన్న మాట నిజమే. కానీ కమ్మీ దానంతటదే జారిందో, పొద్దున్న పైకి పెట్టడం బాబాయే మరిచాడో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. ఆ నిజంలో సగం నా దగ్గర ఉంది. ఒక్క వాక్యం. సోఫాలో నా పక్కనే, మోకాలి దూరంలో కూర్చున్నప్పుడైనా ఇచ్చేయాల్సింది.

ఆ వాక్యం ఇంగ్లీషులో ఒకసారి అన్నాను. మా ఇంటి భాషలో ఎవరికీ ఇప్పటిదాకా చెప్పలేదు. వినాల్సిన మనిషి లేకపోయినా ఇక్కడ రాస్తున్నాను. నాన్నా, దాన్ని కిందికి లాగింది నేనే.