రావల్కోల్ అడవిలో పూడ్చిన కందకం

రావల్కోల్ పక్కనున్న అడవికి నన్ను సమన్వయకర్తగా వేసినప్పుడు, నా పనేమిటో ఇంట్లో చెప్పడానికే తంటాలు పడ్డాను. సూరారంలో ఫ్యాక్టరీ కార్మికుల ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. అటవీశాఖకూ ఊరివాళ్లకూ మధ్య మాట కుదర్చాలని చెబితే, "కొట్లాటలు ఆపుడన్నట్టు" అన్నాడు మా నాయిన. అది పూర్తిగా తప్పు కూడా కాదు.

మొదటి సమావేశం పంచాయతీ ఆఫీసు వరండాలో జరిగింది. అడవి అంచున కందకం తవ్వితే మేకలు లోపలికి రావనీ, మొక్కలు బతుకుతాయనీ మ్యాపు పరిచి చెప్పాను. మేకలు కాసే ఒక అవ్వ ముందుకొచ్చి ఆ గీత మీద వేలు పెట్టింది.

"గీండ్ల మా బాట ఏడున్నది బిడ్డా?"

మ్యాపులో ఆ బాట లేదు. మేకలు కుంటకు నీళ్లకు పోయేది దాని మీదనే. ఆడవాళ్లు సీతాఫలాలు తెంపుకొని షామీర్‌పేట రోడ్డుకు అమ్మకానికి తెచ్చేదీ దాని మీదనే. ఒక్కసారి తనతో నడిచి చూడమని అడిగింది. ప్లాను మంజూరైపోయింది, మార్చడం కుదరదని చెప్పాను. నిజానికి పైవాళ్లను నేను అడగనే లేదు. కొత్త ఉద్యోగం, భయం. కందకం తవ్వేశారు. ఆ తర్వాత ఊళ్లో నాతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గుట్ట వెనక పొగ లేచింది. అటవీశాఖ బీట్ అధికారి, ఇద్దరు వాచర్లు, నేను. పచ్చి కొమ్మలు విరిచి మంటను కొడుతున్నాం. ఒకచోట ఆరితే ఇంకోచోట ఎండుగడ్డి అంటుకుంటోంది. ఊరివాళ్లను పిలుద్దామంటే నాకు మొహం చెల్లలేదు.

పిలవకుండానే వచ్చారు. ముందు ఆ అవ్వ, వెనక పదిమంది దాకా ఆడవాళ్లు. మమ్మల్ని చూసి ఆమె గట్టిగా చెప్పింది.

"మంట ఎనుక ఉరుకకుర్రి. ముంగటికి పోయి ఆకు ఊడ్వుర్రి. గా బండల కాడ ఆగుతది."

అందరం బండల దాకా ఎండుటాకు ఊడ్చి నేలను ఖాళీ చేశాం. పొద్దు గుంకకముందే మంట అక్కడికొచ్చి ఆగిపోయింది. అప్పుడు చూశాను, అవ్వ కాలు వాచిపోయి ఉంది. వచ్చేటప్పుడు మేం తవ్విన కందకంలోకి దిగుతూ జారిందట. ఆ కాలుతోనే సాయంత్రం దాకా ఊడ్చింది.

మరునాడు వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. మంచం మీద కూర్చొని విన్నది.

"కాలు మెల్లగ మానుతది. బాట దానంతల అది రాదు. దాని సంగతి సూడు."

ఈసారి అడిగాను. నేను అనుకున్నదానికంటే తేలిగ్గా బీట్ అధికారి ఒప్పుకున్నాడు, పైకి ఉత్తరం తనే రాశాడు. బాట ఉన్నచోట కందకం పూడ్చారు. దానికి బదులుగా ఏం చేయాలో అవ్వే ఊరివాళ్లను కూర్చోబెట్టి తేల్చింది. కాలిన గుట్ట వాలు మీదికి రెండు వానాకాలాలు ఎవరి మేకలూ పోవద్దు. మేం నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్కలు సగం ఎండిపోయాయి. ఎవరూ నాటని సీతాఫలం, మోదుగ మాత్రం కాలిన మొదళ్ల నుంచే గుబురుగా లేచాయి.

ఆ మధ్యాహ్నం వాళ్లు రాకపోయినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. నేనైతే అసలే కాదు. ఈ ఉద్యోగంలో నాకు తెలిసిందంతా వాళ్లు పెట్టిన భిక్షే.

మొన్న అవ్వ ఫోన్ చేసింది. పక్క ఊరి మంద ఒకటి ఆ వాలు మీదికి ఎక్కబోతే మళ్లించిందట.

"మా వియ్యంకుని మేకలే. అయినా మర్లేసిన. ఇగ వాళ్లింట్ల పెండ్లికి నన్ను పిలుస్తరో లేదో."

నవ్వు వచ్చింది. తిన్నావా అవ్వా అని అడిగాను. ఇంకా తినలేదనీ, ఆదివారం జొన్నరొట్టెలు చేస్తాననీ, జల్దీ రమ్మనీ చెప్పి ఫోన్ పెట్టేసింది.