రానివారి మాస్టారు

జోజప్ప గారికి ఉన్న దుర్గుణం ఒక్కటే. ఎవరైనా ఎక్కడికైనా రాకపోతే, ఎందుకు రాలేదో తెలుసుకోకుండా ఆయన ఉండలేరు. వచ్చినవారి పట్ల ఆయనకు పెద్ద ఆసక్తి లేదు. వారు కళ్లెదుటే ఉంటారు కనుక వారి గురించి కొత్తగా తెలుసుకోవలసినదేమీ లేదని ఆయన అభిప్రాయం. ‘లేకపోవడం’ అంటే ఏమిటని తత్త్వవేత్తలు వేల ఏళ్లుగా తర్కిస్తున్నారు. తిరువూరులో ఆ విచారణ జోజప్ప గారొక్కరే చేస్తున్నారు, అదీ పేర్లతో సహా.

మా డిగ్రీ కళాశాలలో ఆయన అర్థశాస్త్రం చెబుతారు. నేను తత్త్వశాస్త్రం చదువుకుని, దాన్ని తీసుకునే విద్యార్థులు లేక రాజనీతిశాస్త్రం చెబుతున్నవాణ్ణి. పద్నాలుగేళ్లుగా స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. ఇప్పుడు హాజరు ఫోనులోనే పడుతుంది. పిల్లలు ముఖం చూపిస్తే చాలు. లేని ముఖం గురించి ఆ యంత్రానికి ఏ కుతూహలమూ లేదు. ఆ లోపాన్ని సవరించడానికి జోజప్ప గారు పొడుగాటి రిజిస్టరు ఒకటి సొంతంగా పెట్టుకున్నారు. మా ప్రిన్సిపాల్ శివపార్వతి గారు ఒకసారి స్టాఫ్ రూముకు వచ్చి, దాన్ని తెరిచి, దొరికిన మొదటి పంక్తి చదివారు.

“‘నవదీప్. చెప్పిన కారణం, జ్వరం. అసలు కారణం, సినిమా. బాగాలేదట. వేరే శిక్ష అక్కర్లేదు.’ ఏంటండీ ఇది? రిజిస్టరా, డైరీనా?”

“రిజిస్టరేనండి.”

“గైర్హాజరు అని ఒక్క ముక్క రాస్తే సరిపోదా?”

“అది వాడు క్లాసులో లేడని చెబుతుందండి. ఎక్కడున్నాడో చెప్పదు.”

“ఎక్కడుంటే మనకెందుకు?”

“ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ, మేడం.”

ఈ చివరి వాక్యాన్ని ఖండించే మార్గం నేను చదువుకున్న తర్కంలో లేదు. మేడం గారు రిజిస్టరు మూసి వెళ్లిపోయారు.

మంగళ, శుక్రవారాల్లో ఆయన ఒంటిగంటకే పాఠాలు ముగిస్తారు. ఆయన భార్య ప్రేమావతి గారికి మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. వారానికి రెండుసార్లు ఆమెను వైద్యానికి విజయవాడ తీసుకెళ్లాలి. ఆమెను పొదివి పట్టుకుని బస్సెక్కించి, కిటికీ వైపు కూర్చోబెట్టి, చేతిసంచీ సర్ది, అలసట తీరకముందే ఆయన తన పని మొదలుపెడతారు. ఒక మంగళవారం నేనూ అదే బస్సులో ఉన్నాను.

“పోయిన శుక్రవారం మీరు డ్యూటీకి రాలేదే?” అని కండక్టరును పట్టుకున్నారు.

“మా బామ్మర్ది పెళ్లి సార్. నెమలి ఊరి గుళ్లో చేశాం. టికెట్టు తీసుకోండి.”

“చుట్టాలందరూ వచ్చారా?”

“మా పెదమావ రాలేదు సార్.”

“అయ్యో, ఎందుకని?”

మైలవరం దాకా పెదమావ అలక నడిచింది. వెనక ఇద్దరు టికెట్టు లేకుండానే దిగిపోయారు. ప్రేమావతి గారు నా వైపు తిరిగి అన్నారు: “చూస్తుండండి అన్నయ్య గారూ, ఈయన పరలోకానికెళ్లినా లోపలికి పోరు. గుమ్మంలో నిలబడి ఎవరెవరు రాలేదో అడుగుతుంటారు.”

“అడిగితే తప్పేంటి?” అన్నారు జోజప్ప గారు, కండక్టరును వదలకుండా.

ఆయన నవల కూడా రాస్తున్నారు, పదకొండేళ్లుగా. మూడో అధ్యాయంలో ఒక పెళ్లి ఉంది. ఆ పెళ్లికి రానివారి గురించి నూట ఇరవై పేజీలు ఉన్నాయి. పెళ్లికూతురికి రెండు వాక్యాలు దక్కాయి. విజయవాడ ప్రచురణకర్త ఒకరు ధైర్యం చేసి, మొత్తాన్ని రెండువందల పేజీలకు కుదించి డిసెంబరు నెలాఖరుకు ఇస్తే అచ్చువేస్తానన్నారు. డిసెంబరు వెళ్లిపోయింది.

“ఏమైందండీ?” అని అడిగాను.

“పెళ్లిదాకా తగ్గించానండి. నాకు దొరికేవి ఆదివారాలే కదా. చాలలేదు.”

నేను నమ్మలేదు. ఆదివారం ఆరాధన ముగిశాక కూడా మనిషికి సగం రోజు మిగులుతుంది. క్రమశిక్షణ లేని ప్రతిభ అని ఆయన గురించి ఒక నిర్ణయానికి వచ్చాను. ప్రతిభ అన్న మాట ఎక్కువేమోనని తరవాత సవరించుకున్నాను.

ఫిబ్రవరిలో పరీక్షకు అర్హత లేనివారి జాబితా తయారైంది. మా కళాశాలలో హాజరును సబ్జెక్టు వారీగా లెక్కిస్తారు. మూడో సంవత్సరం చదివే గ్లోరికి అన్నిటిలోనూ సరిపోయింది, అర్థశాస్త్రంలో మాత్రం డెబ్బై ఐదు శాతం ఉండవలసినచోట యాభై తొమ్మిదే ఉంది. అది పొద్దుటి మొదటి పీరియడు. పత్తి తీసే కాలమంతా ఆ అమ్మాయి పదకొండింటి దాకా చేలోనే ఉండిపోయింది. ఆ జాబితా పరిశీలించడానికి మేడం, నేను కమిటీగా కూర్చున్న శుక్రవారం మధ్యాహ్నం ఆమె తల్లి రావమ్మ వచ్చింది.

“నా నడుం పడిపోతే నా వంతు పత్తి సాలు కూడా అదే తీసిందమ్మా. తప్పు నాది. ఈ ఏడు పోతే ఇంక దాన్ని పంపడాలుండవు. విజయవాడ బట్టల కొట్లో పనికి మాట్లాడేశారు వాళ్ల నాన్న.”

“రూలమ్మా, నేనేం చెయ్యను?” అన్నారు మేడం. కాసేపు పెన్ను తిప్పి, నాతో, “జోజప్ప గారు కారణాలు రాస్తారు కదా, ఆ పుస్తకం పట్రండి. అదన్నా జతచేద్దాం,” అన్నారు.

ఆయన అప్పటికే విజయవాడ బస్సెక్కి వెళ్లిపోయారు. నేను ఆయన బల్ల మీది రిజిస్టరు తెచ్చి గ్లోరి పేరున్న పేజీలు పైకి చదివాను.

“‘నవంబరు నాలుగు. తల్లి వంతు సాలు తీస్తోంది. తప్పిపోయిన పాఠం, డిమాండు. చెప్పినది ఆదివారం, చర్చి వరండాలో.’ కింద గ్లోరి సంతకం ఉందండి.”

“తరవాత?”

“‘నవంబరు ఏడు. చేను. తప్పిపోయిన పాఠం, సప్లయి. చెప్పినది ఆదివారం, వాళ్లింటి అరుగు మీద. రావమ్మ గారూ విన్నారు. ఆమెకే ముందుగా అర్థమైంది.’”

రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మీ సారు అంతేనమ్మా. ఎందుకు రాలేదని ఇంటికొచ్చి అడుగుతాడు. చెప్పామో, చాపేసుకుని పాఠం మొదలెడతాడు. అయ్యాక, తర్వాత చెప్పలేదనొద్దని సంతకం చేయిస్తాడు.”

నవదీప్ పేజీ తిప్పాను. సినిమాకు వెళ్లిన రోజు పాఠం అతనికి బస్టాండులో అందింది. ‘ఈసారీ పారిపోబోయాడు’ అని పక్కన ఉంది. ఇలా నలభై పేజీలు. ఆ నవలకు చాలని ఆదివారాలన్నీ అక్కడ తేదీలతో సహా కనిపించాయి.

మేడం బీరువాలోంచి కళాశాల నిబంధనల పుస్తకం తీసి, వేలితో వెతికారు. తేదీ, విద్యార్థి సంతకం ఉన్న అదనపు తరగతులను హాజరులో కలపవచ్చునని అందులో ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ వాడుకోలేదు. కలిపి చూస్తే డెబ్బై ఆరు వచ్చింది. మేడం సంతకం పెట్టారు. రావమ్మ ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకుని, వాకిట్లో నిలబడిన కూతురికి మూడోసారి తనే చెప్పింది.

నేను జోజప్ప గారికి ఫోను చేశాను. అవతల ప్రేమావతి గారిని నడిపిస్తున్న నర్సు అడుగులు లెక్కపెడుతోంది.

“అదనపు తరగతులు హాజరులోకి వస్తాయని మీకు తెలుసా?”

“లేదండీ. వస్తాయా?”

“మరెందుకు చెప్పారు?”

“పిల్ల రాలేదు కదండీ.”

ఆయన నవల నిలవదన్న నా అభిప్రాయం మారలేదు. క్రమశిక్షణ గురించి అనుకున్నదాన్ని మాత్రం వెనక్కి తీసుకున్నాను.

“కమిటీకి అందరూ వచ్చారా?” అని అడిగారు.

“కామర్స్ కిరీటి రాలేదు.”

“ఎందుకట?”

“పన్ను నొప్పి,” అన్నాను. కమిటీ మొదలవకముందే, ఎవరూ పురమాయించకుండా, నేనే కిరీటికి ఫోను చేసి కనుక్కున్నానన్న సంగతి అప్పుడు స్ఫురించింది.

“ఏ వైపండీ?”

“అడగలేదే.”

“అయ్యో,” అన్నారు జోజప్ప గారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నిరాశ ఉంది.

“ఒక్క నిమిషం, లైన్లో ఉండండి,” అని మేడం ఫోను అడిగి తీసుకుని, కిరీటి నంబరు కలిపాను.