ముడి లేని తీగ

మంగళవారం. మూడో రోజుకి నీళ్ళు వచ్చాయి, ఉదయం ఆరింటికి, నలభై నిమిషాలు. డ్రమ్ములు నాలుగూ నిండాయి. అత్తయ్యగారికి స్నానం, జావ, మాత్రలు అయ్యాయి. బట్టలు ఉతికాను, ఆరెయ్యలేదు. బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి పక్కింటి గుమ్మం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. బాబాయి పోయారు. కాఫీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నవారు, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయారట. బకెట్టు అక్కడే పెట్టేసి వెళ్ళాను. గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది.

బాబాయి నాకు చుట్టం కాదు. ఈ దీవుల్లో మేముండే డాలీగంజ్‌లో మా గోడని ఆనుకున్న ఇల్లు ఆయనది. భార్య చాలా ఏళ్ళ క్రితమే పోయింది, పిల్లలు లేరు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని తెలుగు చర్చికి వెళ్ళేవారు, అక్కడ మైకుసెట్టు ఆయనే చూసేవారు. మిగతా ఆరు రోజులూ చాతం రేవు దగ్గరున్న ఒక ఆఫీసుకి వెళ్ళేవారు. రిటైరయిన తర్వాత కూడా వెళ్ళేవారు. వెళ్ళనిచ్చారు అనడం కంటే, వదల్లేదు అనడం సరైన మాట.

ఆ ఆఫీసు పేరు రాయను. ఓడల్లో వచ్చిన సరుకు దింపి, తూచి, లెక్క కట్టి దుకాణాలకి పంపే ఒక ప్రైవేటు ఏజెన్సీ అంటే చాలు. అక్కడ బీరువా అంత పెద్ద పాత కంప్యూటర్ ఒకటి ఉంది. కొత్తవి ఎన్ని వచ్చినా సరుకు లెక్క మాత్రం అందులోనే నడుస్తుంది. దాని వెనక ఎనిమిది పోర్టులు, అంటే తీగలు గుచ్చే చోట్లు. రెండు కౌంటర్లు, తూకం గది, గేటు, మేనేజరు బల్ల, రెండు ప్రింటర్లు, ఒక్కోదానికి ఒక్కో తీగ. మిగిలినది టెలిఫోను లైను మీదుగా, ఉత్తరాన దూరంగా ఉన్న మాయాబందర్ బ్రాంచికి వెళ్ళే లింకు. ఏ పోర్టులో ఏముందో, అది ఎంత స్పీడులో మాట్లాడాలో మిషనుకి ముందే రాసిపెట్టాలి. రెండు చివర్లలో ఒకే స్పీడు లేకపోతే తెర మీద అక్షరాలు రావు, పిచ్చిగీతలు వస్తాయి. ఇదంతా తెలిసినవారు ఈ దీవుల్లో బాబాయి ఒక్కరే.

సుగర్ వల్ల ఆయన చూపు మసకబారిన ఏడాది, ఒకరోజు మా ఇంట్లో నీళ్ళ పుస్తకం చూశారు. నీళ్ళు ఏ రోజు వచ్చాయి, ఎన్ని నిమిషాలు వచ్చాయి, ఎన్ని డ్రమ్ములు నిండాయి అని నేను రాసుకునేది. పేజీ కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏటమ్మా, ఒక్కరోజు కూడా తప్పలేదేటి?"

"తప్పితే ఎన్ని నీళ్ళు వాడాలో తెలీదు కదా బాబాయ్."

"మా ఆఫీసులో డిగ్రీలు చదివినోళ్ళున్నారు. ఒక్కడికీ ఈ బుద్ధి లేదు. నా కళ్ళకి బదులు నువ్వు రామ్మా."

అలా వారానికి రెండు మధ్యాహ్నాలు నేను ఆయనతో చాతం వెళ్ళడం మొదలైంది. మా ఇంటాయన నవ్వారు. ఇంట్లో మిక్సీ ఫ్యూజు పోతే నన్ను పిలుస్తావు, అక్కడ కంప్యూటర్ బాగుచేస్తావా అని. నేను బాగుచేసేదాన్ని కాదు. తెర మీద ఉన్నది చదివేదాన్ని, ఆయన చెప్పింది కొట్టేదాన్ని, కొట్టింది పుస్తకంలో రాసేదాన్ని.

ఆ గదికి కిటికీ లేదు. చల్లదనం పోతుందని తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవారు. మిషనుకీ గోడకీ మధ్య జానెడు సందు, అందులో బాబాయి ఒక పక్కకి తిరిగి దూరేవారు. చెప్పులు బయట విడిచి, చేతులు రుమాలుతో తుడుచుకుని, ముందు ఒక నిమిషం ఊరికే నిలబడి మిషను చప్పుడు వినేవారు. తొందర పెట్టిన మేనేజరుకి ఒకసారి చెప్పారు, తీగ అబద్ధమాడదు సార్, అటో ఇటో కూర్చున్నవాళ్ళే ఆడతారు అని. నాతో ఎప్పుడూ అనే మాట ఇంకొకటి. "ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చకముందు రాసుకో. రాసుకుంటేనే వెనక్కొచ్చే దారి ఉంటాది."

తీగలన్నీ ఒకే బూడిద రంగు. పోర్టుల మీద అంకెలు ఉప్పుగాలికి ఎప్పుడో ఊడిపోయాయి. ఏది ఏదో తెలియడానికి ఆయన ఒక్కో తీగకి వల దారం కట్టి ముడులు వేశారు. ఒక ముడి మొదటి కౌంటరు, రెండు ముడులు రెండో కౌంటరు, అలా ఏడు దాకా. భీమిలి వైపు ఆయన చుట్టాలందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. నీళ్ళలో, చీకట్లో, వల ఎవరిదో వేళ్ళతో తడిమి చెప్పడానికి ఇంటికో గుర్తు ముడి ఉండేదట. చూపు పోతున్నా ఆయన పని ఆగకపోవడానికి కారణం ఆ ముడులే.

ఎంత తెలివైన పద్ధతి అన్నాను ఒకసారి. ఆయనకి ఆ మాట నచ్చలేదు.

"తెలివి కాదమ్మా, భయం. వయసులో ఉన్నప్పుడు వీళ్ళు నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకుంటారని భయం. కాగితం మీద రాస్తే ఎవడైనా చదివేస్తాడు. ముడులైతే నాకొక్కడికే తెలుస్తాది. పొట్టకూటికి వేసుకున్న ముడి, నా కాలికే చుట్టుకుంది."

ఆ చుట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. తల్లి పోయాక ఆయన్ని పెంచిన అక్క భీమిలి దగ్గర ఉండేది. కొన్నాళ్ళుగా మంచం మీద ఉంది. 'నేను గుర్తుపట్టగలిగినప్పుడే రా తమ్ముడూ' అని ఫోనులో చెప్పించింది. విశాఖ ఓడ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వచ్చినప్పుడు బాబాయి రెండుసార్లు టిక్కెట్టు తీసుకున్నారు, రెండుసార్లూ లైను పోయిందని ఆఫీసువాళ్ళు ఆపేశారు. విమానంలో వెళ్ళమంటే, సముద్రం మీద వచ్చినవాణ్ణి, సముద్రం మీదే వెళ్తాను అనేవారు. మూడోసారి నేనున్నాను కదా, వెళ్ళి రండి బాబాయ్ అన్నాను. పుస్తకం అంతా రాసే ఉంది. ఏడు వరసలు, ఏడు ముడులు. మేనేజరు కూడా ఒప్పుకున్నాడు.

ఓడ మధ్యాహ్నం మూడింటికి. బాబాయి పొద్దున్నే రెక్సిన్ బ్యాగుతో హడ్డో జెట్టీకి వెళ్ళి ఓడ ఎక్కేశారు. పదకొండింటికి నాకు ఫోను వచ్చింది. గోడకి సున్నం వెయ్యడానికి బల్లలు జరుపుతూ తీగలన్నీ పీకేశారట. తను తిరిగి వచ్చేదాకా ఆగమని బాబాయి చెప్పిన పని అది.

వెళ్ళాను. పుస్తకం తెరిచి, ముడులు లెక్కపెట్టి, ఒక ముడి తీగని మొదటి పోర్టులో గుచ్చాను. రెండు ముడులది రెండో దాంట్లో. అలా ఏడూ అయ్యాక ఒక తీగ మిగిలింది. దానికి ముడి లేదు. ఒక పోర్టు కూడా ఖాళీగా మిగిలింది. పోర్టూ ఎక్కువే, తీగా ఎక్కువే అనుకున్నాను. ఆ తీగని చక్కగా చుట్టి సొరుగులో పెట్టాను. వస్తువు ఎక్కడిదక్కడ పెట్టడం నా అలవాటు.

మిషను ఆన్ చెయ్యగానే కౌంటరు తెర మీద పిచ్చిగీతలు వచ్చాయి. గేటు దగ్గర రావలసినది మేనేజరు బల్ల మీద వచ్చింది. ఒక ప్రింటరైతే ఆగకుండా కాగితాలు కొడుతూ పోయింది, ప్రతి కాగితం మీదా నీ పేరేమిటి అనే ప్రశ్న. అది మనిషి కూర్చునే తెర అనుకుని మిషను దాన్ని పేరు అడుగుతోంది. మాయాబందర్ లింకు అసలే లేదు. నేను కంగారుపడి ఒకటి మార్చాను, అది రాసుకోకుండా ఇంకొకటి మార్చాను. తర్వాత వెనక్కి ఎలా రావాలో తెలియలేదు. ఓడలో ఉన్న బాబాయికి ఫోను చేసి ఏడు తీగలూ ఏడు పోర్టుల్లో ఉన్నాయని చెప్పాను. సొరుగులో తీగ సంగతి చెప్పలేదు. దాచలేదు, అది లెక్కలోది అని నాకు తోచలేదు. మేనేజరు నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. జెట్టీకి బండి పంపాడు.

రెండున్నరకి బాబాయి బ్యాగుతో సహా వచ్చారు. చెప్పులు విడిచి, చేతులు తుడుచుకుని, సందులో దూరి తీగలన్నీ తడిమారు.

"ముడి లేనిది ఏదమ్మా?"

సొరుగులోంచి తీసి ఇచ్చాను. మిషను ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొదటి పోర్టు సున్నా, అందుకే దాని తీగకి ముడి లేదు. అదే, ఆయన నాతో ఎప్పుడూ ముట్టించని మాయాబందర్‌ది. నేను అన్నీ ఒక్కో గడి పక్కకి గుచ్చాను. ఆయన తీగలు సరిచేస్తుంటే, నేను మార్చిన స్పీడులన్నీ ఆయన చెప్పిన ప్రకారం మళ్ళీ కొట్టాను. అరగంట పట్టింది. ప్రింటరు నోరు మూసుకుంది. చివరి తీగ గుచ్చుతున్నప్పుడు ఓడ హారన్ వినిపించింది. మూసిన తలుపు వెనక కూడా బాగా వినిపిస్తుంది. బాబాయి చెయ్యి ఆగింది. అది పూర్తయ్యేదాకా ఉండి, మళ్ళీ తీగ బిగించారు.

తర్వాతి ఓడ రాకముందే అక్క పోయింది. కబురు వచ్చేసరికి అక్కడ పూడ్చడం కూడా అయిపోయింది.

నేను అన్నం, చేపల పులుసు పట్టుకుని వెళ్ళాను. బ్యాగు ఇంకా గుమ్మం పక్కనే ఉంది. నావల్లే బాబాయ్ అన్నాను. ఆయన అబద్ధం చెప్పి ఓదార్చే మనిషి కాదు.

"నీవల్లే. నావల్ల కూడాను. సున్నా కూడా అంకేనమ్మా. అన్నీ చెప్పి, అది చెప్పకుండా అట్టేపెట్టుకున్నాను. ఎందుకో నాకే తెల్దు."

"ఈ బాకీ నేనెలా తీర్చను?"

"నాకు తీర్చకు. ఇంకెవరినైనా ఓడ ఎక్కించు." అని, పులుసులో ఉప్పు తక్కువైందన్నారు.

ఆ తర్వాత ఆయన టిక్కెట్టు తీసుకోలేదు. పుస్తకంలో సున్నాకి ఒక వరస గీశాం.

మంగళవారం ఆ గుమ్మంలో నిలబడి ఉండగానే నా ఫోను మోగింది. ఆఫీసు కౌంటరులో పనిచేసే అమ్మాయి. మాయాబందర్ పిల్ల, మన తెలుగువాళ్ళే.

"దీదీ, బాబాయిగారు ఫోన్ ఎత్తట్లేదు. మాయాబందర్ లైన్ బంద్ అయిపోయింది."

"ఇంక ఎత్తరమ్మా" అన్నాను.

అటు నుంచి ఏడుపు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "సాబ్ పక్కనే ఉన్నారు దీదీ. అడగమంటున్నారు. మాఫ్ చెయ్యండి. మీరు ఎప్పుడు వస్తారు?"

అప్పుడు తెలిసింది, బాబాయి కాలికి ఉన్న దారం ఎక్కడికీ పోలేదని. నీళ్ళ రోజు, అత్తయ్యగారి మాత్రల వేళ, దానికి తోడు ఇక ఈ ఫోను. ఆయన్ని చర్చి శ్మశానంలో మట్టికి అప్పగించి వచ్చిన మర్నాడు చాతం వెళ్ళాను. టెలిఫోను పెట్టెకి కరెంటు అందడం లేదు, అంతే. కానీ ఆ అమ్మాయి మొహం చూస్తే లేవబుద్ధి కాలేదు. ఆమెకి మూడేళ్ళ కూతురు, మాయాబందర్‌లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మిషను ఆగితే ఏమైందో చూసి మాకు చెప్పడానికి ఆమె ఒక్కతే ఉందని మేనేజరు ఆదివారానికి మించి సెలవు ఇవ్వడు. ఒక్క ఆదివారంలో మాయాబందర్ వెళ్ళి రాలేరు. పాప ఫోనులో ఆమెని ఆంటీ అంటోందట.

నా పుస్తకం ఇచ్చాను. తిప్పి చూసి, "తెలుగు బోల్నా వచ్చు దీదీ, చదవడం రాదు" అంది. అయితే నేను చెప్తాను, నీకు వచ్చిన హిందీలో నువ్వే రాసుకో అన్నాను. మొదటి వరస సున్నా అని రాయించాకే మిగతావి చెప్పాను. సందులోకి పంపి, కళ్ళు మూసుకుని ముడులు లెక్కపెట్టమన్నాను. మూడు మధ్యాహ్నాలు అయ్యాక ఆమె నోటితోనే తూకం గది భయ్యాకి నేర్పించాను. బస్తా ముడి తప్ప నాకేమీ రాదు దీదీ అని అతను గునిశాడు. మొదటిసారి తీగలు తప్పు గుచ్చాడు. నీ పేరేమిటి అని ప్రింటరు కాగితాలు కొడుతుంటే, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి తన పేరు చెప్పాడు. ఆ గదిలో నవ్వు వినడం నాకదే మొదలు. రెండోసారి ఎనిమిది తీగలూ పీకించి, నేను తలుపు బయట కూర్చున్నాను. లోపల నుంచి ఇద్దరూ నన్ను ఒక్క మాట అడగలేదు. మాయాబందర్ లింకు పలికింది. ఇద్దరికి వచ్చిన పని కాబట్టి మేనేజరుకి చెప్పడానికి సాకు లేకపోయింది. పది రోజులు సెలవు రాశాడు.

బస్సులో వెళ్తానంది. ఓడలోనే వెళ్ళు అన్నాను. ఎందుకని అడగలేదు. నేను జెట్టీకి వెళ్ళాను. పైన రేలింగు దగ్గర ఆమె, కింద గట్టు మీద నేను, ఇద్దరం ఫోన్లు చేతుల్లో పట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డాం. తాళ్ళు విప్పారు. హారన్ మోగింది. ఆఫీసు నుంచి పిలుపు రాలేదు. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు జానెడయ్యాయి, తర్వాత బారెడయ్యాయి, తర్వాత కొలవలేనంత అయ్యాయి.

శనివారం. నీళ్ళు రాలేదు. అత్తయ్యగారికి జావ, మాత్రలు అయ్యాయి. బట్టలు ఉతికి ఆరేశాను. ఫోను మోగలేదు. బాబాయికి నేను పడ్డ బాకీ, ఒక ఓడ ప్రయాణం, తీరింది.