సర్దారు విరిచిన గాజు రేకు

గిర్మిట్ కాలంలో, అంటే కూలి ఒప్పందం మీద సముద్రం దాటి దీవికొచ్చిన రోజుల్లో, బా నది ఒడ్డున ఉన్న మా చెరకు ఎస్టేటు ఆసుపత్రిలో గాజు సామాను కడిగే పని నాది. చెరకు నరికేవాడివి అక్కడికెలా చేరావని అడిగిన ప్రతివాడికీ ఒక కొత్త కథ చెప్పాను. వరదలో కొట్టుకుపోతున్న దొర గుర్రాన్ని భుజాన మోసుకొచ్చానన్నది అందరికీ నచ్చింది. అసలు సంగతి, కత్తి తగిలి కాలు కుంటుపడింది. అంతే.

డాక్టరు దొర వారానికి ఒక్కరోజు వచ్చేవాడు. మిగతా రోజులు ఆయన సామాను నా చేతిలో ఉండేది. ఒక ఇత్తడి మైక్రోస్కోపు. నెత్తురు పీల్చే సన్న గాజు గొట్టం. దాని మధ్య ఒక ఉబ్బు, ఉబ్బులో ఎర్రపూస. వేలికి సూది పొడిచి, గొట్టానికున్న రబ్బరు తొడుగు నోట పెట్టుకుని, గీత దాకా నెత్తురు పీల్చాలి. ఆపైన మందునీళ్లు పీల్చి ఊపితే, పూస గిరగిరా తిరిగి రెండింటినీ కలిపేది. ఆ చుక్కను లెక్కగాజు మీద వేసి, పైన పల్చటి గాజు రేకు కప్పాలి. లెక్కగాజు మీద కంటికి ఆనని గీతలతో మళ్లు గీసి ఉంటాయి. మైక్రోస్కోపులోంచి చూస్తే ఆ మళ్ల నిండా నెత్తురు గింజలు. గట్టు మీద పడ్డ గింజల్లో ఎగువ గట్టువి, ఎడమ గట్టువి మన మడివి. దిగువవి, కుడివి పక్కవాడివి. దొర ఒక్కసారి చెబితే నాకు పట్టుబడింది. గట్టు తగాదాల మధ్య పెరిగినవాణ్ణి కదా.

నా భార్య కనురెప్ప దించి చూస్తే లోపల సున్నం కొట్టినట్టుండేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎవరూ లేనప్పుడు ఆమె నెత్తురు లెక్కపెట్టాను. మళ్లన్నీ బీడు పడ్డట్టున్నాయి. ఆమెకు ఆసుపత్రిలో మంచం కావాలి. మంచం ఇవ్వాలంటే దొర తన కంటితో లెక్కపెట్టాలి. అప్పటిదాకా ఆమెను కలుపుతీతకు పంపడమా మానడమా అన్నది కూలీల మీద పెత్తనం చేసే సర్దారు చేతిలో ఉంది.

వాడు మా వైపువాడే, విశాఖపట్నం అవతల. గిర్మిట్ మీద వచ్చినవాళ్లలో బూట్లు తొడిగేది వాడొక్కడే. ఆ బూట్లు చూసుకునే మాకంటే ఎత్తయ్యాడు.

"దీనికి రోగమేటి? పనిదొంగ! కామ్‌చోర్!" అన్నాడు, కూలీ ఇళ్ల లైన్లో అందరి ముందూ.

"నెత్తురు లేదు సర్దారు బాబూ. నాను గాజులో సూసేను."

"నువ్వు సూసేవా? ఆ గొట్టంలో ఆవులు మేస్తన్నాయని మొన్న సెప్పింది నువ్వే కదరా!"

అందరూ విరగబడి నవ్వారు. నా భార్య కూడా నవ్వబోయి దగ్గింది. నిజమే, చెప్పాను. ఆవుల వెనక ఒకడు పాట పాడుతున్నాడని కూడా చెప్పాను.

దొర వచ్చే ముందురోజు సర్దారు ఆసుపత్రికి వచ్చాడు. లెక్కగాజు మీది రేకును రెండు వేళ్లతో తీసి, వెలుతురుకెత్తి చూసి, నొక్కాడు. టిక్కుమంది.

"ఇప్పుడెట్టు లెక్క," అన్నాడు.

మర్నాడు దొరతో నేనే జారవిడిచానని చెప్పాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. దొర ఆవుల కథ విన్నవాడే. నా వైపు చూసి నవ్వాడు. ఆ రేకు లేకపోతే చుక్క ఎంత లోతుందో తేలదు, లోతు తేలనిదే లెక్క లెక్క కాదు. కొత్తది సువా పట్నం నుంచి స్టీమరులో రావాలి. అందాకా ఆమెను పని చేయమన్నాడు.

రెండు స్టీమర్లు వచ్చాయి. రేకు రాలేదు. ఒక మధ్యాహ్నం ఆమె చెరకు సాళ్ల పక్క మురుగు కాలువలో పడిపోయింది. కుంటికాలితో మోసుకొచ్చాను. గుర్రాన్ని మోశానని కోసిన కోతలన్నీ ఆ దారిలో గుర్తొచ్చాయి.

విరిగిన ముక్కలు పొగాకు డబ్బాలో దాచి ఉంచాను. మెత్తగా నూరి, వాడు సాయంత్రం తాగే యంగోనా చిప్పలో కలపాలని. ఆ వేరు రసం ఎలాగూ మట్టినీళ్లలా ఉంటుంది, గాజుపొడి కనపడదు. డబ్బా చూసి నా భార్యకు సంగతి అర్థమైంది.

"నీ పగ తీరతాది మావా. నిన్నట్టుకుపోయి ఉరి తీస్తారు. మళ్లీ నాను పడిపోతే ఎవులు మోసుకొస్తారు? ఆ సర్దారోడా?"

నూరలేదు. డబ్బా మాత్రం పారేయలేదు.

మూడో స్టీమరులో రేకు వచ్చింది. దొర నా భార్య నెత్తురు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. నా మొహం చూడకుండా, "మంచం," అన్నాడు. కడుపులో పురుగులు నెత్తురు తాగేస్తున్నాయనీ, అవి ఉత్త కాళ్లతో బురద తొక్కేవాళ్లకు అరికాలి చర్మంలోంచి ఎక్కుతాయనీ చెప్పి, వాటి గుడ్లున్నాయేమో చూడ్డానికి లైన్లలో అందరూ తమ మలం డబ్బాల్లో తెచ్చివ్వాలన్నాడు. సర్దారుతో సహా.

"నాకేటి? బూట్లున్నాయి," అన్నాడు వాడు. అయినా డబ్బా తెచ్చాడు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. నా భార్య డబ్బాలోంచి చిటికెడు తీసి వేరే డబ్బాలో పెట్టి, సర్దారు నంబరు అంటించాను. నంబరు చీటీ అంచు కూడా వాడిదానికున్నట్టే చింపాను. ఇక వాడి అసలు డబ్బా పారేసే ముందు, ఊరికే, ఒక పుల్ల మొన అంత తీసి గాజు మీద పెట్టి చూశాను.

గుడ్లు. నా భార్యకున్నన్ని గుడ్లు.

కాసేపటికి గుర్తొచ్చింది. బురద కనపడితే వాడు బూట్లు విప్పి, తోలు పాడవుతుందని తాళ్లు ముడేసి మెడకు తగిలించుకునేవాడు. కాలువలన్నీ ఉత్త కాళ్లతోనే దిగేవాడు. ఇంటి దగ్గర కొత్త చెప్పుల్ని మనమందరం అలాగే కాపాడుకున్నాం. అంత శ్రద్ధగా చేసిన అబద్ధాన్ని చేతులారా పారేయాల్సి రావడం నాకు జన్మలో అదొక్కసారే.

సంగతి చెబితే వాడు నమ్మలేదు. తన కంటితో చూస్తానన్నాడు. మైక్రోస్కోపు మీదికి వంగి, కన్ను గాజుకు ఆనించాడు.

"కాళ్లు! ఒరే, దానికి కాళ్లున్నాయిరా! కొట్టుకుంటన్నాయి!"

అవి వాడి కనురెప్పల వెంట్రుకలు. కొత్తగా చూసే ప్రతివాడికీ అవే కనపడతాయి. నేను సరిదిద్దలేదు.

"కదలకండి బాబూ. మీరు కదిల్తే లోన అవీ కదుల్తాయి."

అది దొర వచ్చే రోజు; ఆయన వచ్చేదాకా గుంజలా నిలబడ్డాడు. ఆ తర్వాత రోజంతా పస్తు, వాము ఘాటు కొట్టే మందు, దానిమీద భేదిమందు. కల్లు ముట్టకూడదు, నూనె తగలకూడదు. పడుకున్నది మగవాళ్ల గదిలోనే అయినా, ఆడవాళ్ల గదికి తడికే అడ్డం.

"ఏటి సర్దారు బాబూ, కామ్‌చోరా?" అంది నా భార్య తడిక అవతల నుంచి. వాడు చెంబు అందుకుని దొడ్డివైపు పరుగెత్తాడు. ఇప్పటికీ నాకు తీపి తినాలనిపిస్తే ఆ పరుగు గుర్తుచేసుకుంటాను.

పోతూ పోతూ దొర వాడికొక హుకుం ఇచ్చాడు. బురదలో బూట్లు విప్పకూడదు. దాంతో వానాకాలమంతా ఆ బూట్లు నీళ్లు తాగి ఉబ్బాయి. వాడు అడుగేస్తే చప్, చప్ అని పది సాళ్ల అవతలికి వినపడేది.

నా భార్య తేరుకుని మళ్లీ కలుపుకు వెళ్లింది. చెరకు నీడన చీర కొంగు పరుచుకుని కూర్చునేది. చప్ చప్ వినపడ్డాక లేచి, కలుపు పార అందుకునేది.