దిష్టికి విషపు నత్త

వికారాబాద్‌లో రైలెక్కిన తాండూరు పెద్దమనిషి మెడలో, నల్లదారానికి ఒక సముద్రపు నత్త గుల్ల వేలాడుతోంది. మా భీమిలి జాలర్లు ముట్టుకోడానికే జంకే నత్త అది.

"ఇది బతికుండగా కుడితే మనిషి చచ్చిపోతాడండీ," అన్నాను.

బెదరలేదు సరికదా, మురిసిపోయాడు. "గట్లనా! మా చిన్నాయిన కొడుకు దిష్టికి కట్టుకున్న. నా కంది జర మంచిగ కాస్తె సాలు, వాని కండ్లు నా చేను మీదనే ఉంటయి."

తాండూరులో ఇద్దరం దిగగానే ఒకతను పరుగున వచ్చి, "అన్నా, బాగున్నవా?" అంటూ ఆయన సంచి అందుకున్నాడు.

"మా చిన్నాయిన కొడుకు," ఆయన అతని భుజమ్మీద చెయ్యేసి నాకు పరిచయం చేశాడు. "సొంత తమ్మునికన్న ఎక్కువ."

ఆ తమ్ముడి మెడలోనూ గుల్ల ఉంది. ఇంకాస్త పెద్దది.